ఉడికిన సేనాపతులు

మిల్లు కుర్రాడు వినోద్ ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి "కాయితాలైనయి కాకా, గంటల ఇంట్ల ఉంటం" అని పెట్టేశాక లింగం చేసిన మొదటి పని, కిటికీ కింది బల్ల మీద వరుసగా నిలబెట్టిన సేనాపతుల మీద తువ్వాల కప్పడం. రెండో పని, ఆ తువ్వాల తీసేయడం. కప్పితే శవాల మీద కప్పినట్టుంది, తీస్తే సాక్షులంతా ఒక్కసారి లేచి నిలబడినట్టుంది. మొత్తం ముప్పై నలుగురు. చూపుడువేలంత పొడవు, ప్లాస్టిక్, ఆకుపచ్చవి కొన్ని, బూడిదరంగువి కొన్ని, మట్టిరంగువి కొన్ని. ఇరవై ముగ్గురు బాగానే ఉన్నారు, పదకొండు మంది బాగాలేరు. పన్నెండు రోజుల్లో కానిది గంటలో ఏమవుతుంది, ఆ సంగతి తలకు తెలుసు, చేతులకు తెలియదు. చేతులు మళ్ళీ ఆ ఏనుగు మీది ముసలాయన దగ్గరికే పోయాయి. ఏనుగు పొట్ట లోపలికి నొక్కుకుపోయింది, పైన కూర్చున్నాయన ఏదో వినడానికన్నట్టు పక్కకు ఒరిగిపోయాడు. వినడానికి ఏముంది, ఉదయం పది గంటలకు సూరత్‌లోని ఈ బమ్రోలీలో, ఒకప్పుడు ఈ వేళకు గోడలు కూడా మగ్గాల చప్పుడుకు అదిరేవి, ఇప్పుడు కింద ఎవరో గిన్నె తోముతున్న చప్పుడు మూడో అంతస్తు దాకా వస్తోంది, దూరంగా పాండేసరా చిమ్నీల్లో సగం మాత్రమే పొగ వదులుతున్నాయి.

ఉడకబెట్టింది తనే. ఆ మాటను మనసులో ఎన్ని రకాలుగా తిప్పినా చివర్లో 'తనే' అన్న చోటికే వచ్చి ఆగుతుంది. గదిలో తనతో ఉండే బ్రహ్మన్నను ఆస్పత్రికి తీసుకుపోయిన మర్నాడు ఊరినుంచి తన పెళ్ళాం వెంకటవ్వ ఫోన్ చేసింది, ఆమె మాటంటే మాటే, "ఆయన సామాను ముట్టకు, అంతా కాలవెట్టు, అగ్గిల వడ్డంక ఏ రోగమైనా ఖతం" అంది. బొంత కాల్చాడు, దుప్పటి కాల్చాడు, రెండు అంగీలు మిద్దెమీద కాల్చాడు, కాలుతున్న అంగీ చెయ్యి ఒకటి పైకి లేచి మళ్ళీ పడిపోతే చూడలేక వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఇక మిగిలింది రేకుడబ్బా. దాన్ని కాల్చడానికి చెయ్యి రాలేదు. అట్లాగని గదిలో పెట్టుకుని పడుకోవడానికీ ధైర్యం లేదు. రాత్రీ పగలూ బ్రహ్మన్న చేతుల్లో నలిగిన బొమ్మలవి, ఒక్కొక్కదాన్ని ఊది, అంగీ కొసతో తుడిచి పెట్టేవాడు, ఆ ఊపిరే కదా ఇప్పుడు విషమైంది. కాల్చలేనిదాన్ని, పెట్టుకోలేనిదాన్ని మనిషి ఏం చేస్తాడు, కడుగుతాడు. కడిగితే చాలదనిపిస్తే ఉడకబెడతాడు. ఇరవై ఐదేళ్ళు అద్దకం మిల్లులో జెట్ మెషిన్ మీద పనిచేసినవాడికి ఉడకబెట్టడం మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. చీరల గుడ్డ లోపల పెట్టి మూత బిగించి నూట ముప్పై డిగ్రీలకు తీసుకుపోతే, మూడు గంటల తర్వాత గుడ్డ రంగెక్కి, మురికి వదిలి, ఒక్క పోగు చెడకుండా బయటికి వస్తుంది. పాలిస్టరూ ప్లాస్టికే. కొత్తగా చేరిన రోజుల్లో మాస్టర్ అరచేతిలో తెల్లటి గింజలు పోసి చూపించాడు, ఇవి కరిగించే దారం తీస్తారు అని. నూట ముప్పైకి ఏమీ కాని ప్లాస్టిక్, మామూలుగా మరిగే నీళ్ళకు ఏమవుతుంది? ఏమీ తెలియనివాడైతే ఎండలో పెట్టి ఊరుకునేవాడు. ఎనిమిది మందికి అన్నం వండే పెద్ద గంజులో నీళ్ళు మరిగించి, గుప్పెడు సోడా వేసి, మెషిన్‌లో గుడ్డ వేసినంత నమ్మకంగా డబ్బా మొత్తం బోర్లించాడు లింగం.

మొదట కత్తులు వంగాయి. ఆవిరిలో సరిగా కనబడక గంటెతో కదిపాడు, కదపడమే పొరపాటేమో, గుర్రాల కాళ్ళు మెత్తబడి ముడుచుకున్నాయి, తలలు ఒక్కొక్కటే కిందికి వాలాయి, ప్రపంచంలో ఇన్ని యుద్ధాలు చేసినవాళ్ళంతా కూడబలుక్కుని ఒకేసారి లొంగిపోయినట్టు. గాబరాగా తోడి జల్లిగంపలో కుప్ప పోశాడు. ఆ కుప్పలోనే, ఒకరి బరువు కింద ఒకరు, ఎట్లా పడినవాళ్ళు అట్లా చల్లారి గట్టిపడిపోయారు.

బ్రహ్మన్న అసలు పేరు బ్రహ్మచారి. ముగ్గురు పిల్లల తండ్రి బ్రహ్మచారి ఏందని మిల్లులో చేరిన ప్రతివాడూ ఒకసారి నవ్వాల్సిందే, ఆయనా ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేవాడు. కోరుట్ల దగ్గరి పల్లె, వడ్ల పని, అంటే వడ్రంగం చేసే ఇంట్లో పుట్టి ఇక్కడ ఫిట్టరయ్యాడు. ఆదివారం తాపీ ఒడ్డున పాత సామాన్ల బజారుకు పోయి, బొమ్మల కుప్ప ముందు గొంతుకూర్చుని, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరేవాడు. తుపాకులు పట్టుకున్న మామూలు సిపాయిలు దొరికితే పక్కకు తోసేవాడు. ఒకసారి లింగం అడిగాడు, ఇన్ని సిపాయి బొమ్మలుంటే ఆ నాలుగైదే ఎందుకని. "సిపాయిలెందుకు తమ్మీ, సిపాయిలం మనమున్నం గద. ఆర్డరిచ్చేటోడు కావాలె. దునియల ఆర్డరిచ్చేటోల్లందరు నా డబ్బల ఉండాలె, నేను నిలవెట్టిన కాడ నిలవడాలె" అన్నాడు. పీట కింద పేరుంటే కూడబలుక్కుని చదివేవాడు, లేకపోతే టోపీని బట్టి, మీసాన్ని బట్టి, గుర్రం ఎత్తిన కాలును బట్టి పాత బడిపుస్తకాల్లో వెతికేవాడు, ఒక్కోసారి నెల పట్టేది. గదిలో ఎవరైనా బొమ్మలంటే ఊరుకునేవాడు కాదు, "బొమ్మలు గావు, సేనాపతులు" అని దిద్దేవాడు. శివాజీని మాత్రం మిగతావాళ్ళతో కలపకుండా దేవుడి పటాల పక్కన పెట్టాడు, "సూరత్‌కు ఈయన మనకన్న ముందే రెండుసార్లొచ్చి పోయిండు, తొవ్వ ఈయనకే ఎరుక" అని. పోయిన సంవత్సరం అన్నీ మూతపడి జనం మూటలతో నడక మొదలుపెట్టినప్పుడు, మిద్దెమీద నిలబడి రోడ్డును చూస్తూ మంచులోంచి నడిచి తిరిగొచ్చిన ఫ్రాన్సు సైన్యం కథ చెప్పాడు, లక్షల మంది పోయి వేలల్లో వచ్చారట, గుర్రాలను కోసుకు తిన్నారట. "మరి సేనాపతో?" అని లింగం అడిగితే, "ఆయన మంచుబండెక్కి ముందే పోయిండు" అన్నాడు. ఎక్కువ చెప్పలేదు, ఎక్కువ చెప్పాల్సిన అవసరం ఆ రోజు రోడ్డు మీద కనిపిస్తూనే ఉంది.

ముందే పోవడం. ఆ మాట దగ్గర లింగం మనసు ప్రతిసారీ కాలు జారుతుంది. తొంభై నాలుగులో ప్లేగు అన్నప్పుడు సూరత్ సగం రెండు రోజుల్లో ఖాళీ అయింది, రైళ్ళ మీద కూడా ఎక్కి పోయారు. లింగానికి అప్పుడు ఇరవై ఒకటి, వచ్చి నాలుగు నెలలు కాలేదు, జ్వరంతో పడి ఉన్నాడు. ఏ జ్వరమో ఎవరికీ తెలియదు, తెలుసుకోవడానికి ఎవరూ ఆగలేదు. గదిలో ఏడుగురూ సంచులు సర్దుకుని పోయారు. ఎనిమిదోవాడు బ్రహ్మన్న పోలేదు, అప్పటికి పెద్ద పరిచయం కూడా లేదు, ఒక్క జిల్లావాడని తెలుసు, అంతే. మూడు రోజులు తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాడు, జావ తాగించాడు, బయటికి కూర్చోవడానికి భుజం పట్టి నడిపించాడు. అది ఉత్త మలేరియా అని తర్వాత తేలింది. అప్పుడు మాత్రం తేలలేదు కదా. ఆ మూడు రోజులూ ఆయన చెయ్యి నుదుటి మీద పడినప్పుడు ఆ చేతికి ఏమీ తెలియదు. ఇరవై ఏడేళ్ళుగా లింగం ఆ చేతిని తలచుకోకుండా ఉండగలిగాడు, రోజూ ఎదురుగా ఉన్న మనిషి చేసిన మేలు గోడలాంటిది, ఆనుకుంటామే గాని చూడం. ఈ ఏప్రిల్ సాయంత్రం మాత్రం అది కనబడింది, కనబడకూడని సమయంలో.

బ్రహ్మన్నకు ఐదు రోజుల జ్వరం, వేలికి తగిలించిన మిషన్ మీద ఎనభై నాలుగు, తెల్ల బట్టలు తొడుక్కున్న ఇద్దరు కింద అంబులెన్సు దగ్గర నిలబడి రమ్మన్నారు. బ్రహ్మన్న గోడ పట్టుకుని తనంతట తనే మెట్లు దిగాడు. లింగం పైన కటకటాల దగ్గరే నిలబడ్డాడు. సంచి సర్దాడు, తువ్వాల, లుంగీ, చార్జరు, అన్నీ పెట్టాడు, ఏదీ మరవలేదు. తీసుకుపోయి ఇవ్వలేదు. దండేనికి కట్టే తాడు విప్పి సంచికి ముడివేసి పైనుంచి కిందికి దించాడు, కూరగాయల బండివాడి దగ్గర కూరలు తీసుకున్నట్టు. సంచి గాలిలో తిరుగుతూ దిగుతుంటే బ్రహ్మన్న తలెత్తి చూశాడు. ఒక చెయ్యి పైకెత్తాడు. పోయొస్తా అన్నాడా, వద్దు ఉండు అన్నాడా, సంచి అందుకోవడానికే ఎత్తాడా, ఆ చెయ్యి ఇప్పటికీ అట్లాగే ఎత్తి ఉంది, దించడం లేదు. భయం ముందు చేతుల్లోకి వస్తుంది, తలకు తర్వాత చెబుతుంది. ఆ తాడు ముడి వేసింది భయమే, అంగీలు కాల్చింది భయమే, గంజులో సోడా వేసిందీ అదే, ఉడికింది మాత్రం వేరేవాళ్ళు.

మూడో రోజు నుంచి ఫోన్ వచ్చేది. మాటలకన్నా వెనక నీళ్ళు బుడబుడలాడుతున్న చప్పుడే ఎక్కువ వినబడేది, ఆక్సిజనట. "నా సేన ఎట్లున్నది తమ్మీ?" "మంచిగున్నది అన్నా." "లైన్ల నిలవెట్టినవా?" "నిలవెట్టిన." "ధూళి వడుతది, తుడువు." "తుడుస్తున్న." అబద్ధం మొదటిరోజు తడబడుతూ వచ్చింది, నాలుగోరోజుకు అలవాటైంది, ఆరోరోజుకు అది అబద్ధమన్న సంగతి గుర్తు చేసుకోవాల్సి వచ్చింది, అప్పుడు లింగం తనకు తనే భయపడ్డాడు. అబద్ధం నిజం కావాలంటే ఒకటే దారి. గ్లాసులో వేడినీళ్ళు, గిన్నెలో చల్లనీళ్ళు, మధ్యలో చీరల కట్ పీసు ముక్కలు. మెత్తబడేదాకా ముంచడం, వేళ్ళతో సరిచేయడం, గుడ్డముక్కతో కట్టి చల్లనీళ్ళలో వేయడం. కొందరు తాకకముందే తమంతట తామే నిటారుగా లేచేవారు, పుట్టిన అచ్చు గుర్తున్నట్టు. కొందరు ఎంత చేసినా వినేవారు కాదు. ఒక్కొక్కరిది ఒక్కో జాతి ప్లాస్టిక్. పన్నెండు రోజులు మనిషిని మనిషి ముట్టని కాలంలో లింగం ముట్టుకున్నది వాళ్ళనే. మొదట చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, తర్వాత ఉత్తచేతులతో, ఎప్పుడు మారిందో తెలియదు. ఒంటికన్ను రష్యా ముసలాయన ఎవరో, ఒక్క చెయ్యే ఉన్న ఓడల సేనాపతి ఎవరో, ఏనుగులతో కొండలు దాటినవాడెవడో, డబ్బా బోర్లించే ముందు తీసి పక్కన పెట్టిన బ్రహ్మన్న నోటుపుస్తకం చూసి నేర్చుకున్నాడు, మూడోసారికి కళ్ళు మూసుకుని వేలితో తడిమినా పేరు నోటికి వచ్చేది. వాళ్ళతో మాట్లాడాడు కూడా. నువ్వు గూడ భయపడ్డవా, చెప్పు, ఎప్పుడన్నా దోస్తును విడిచిపెట్టి ముందే పోయినవా. వాళ్ళు ఏ జవాబూ చెప్పలేదు, అది వాళ్ళ మంచితనం.

ఇప్పుడు చెప్పాలి. చెప్పకపోతే ఆయనే చూస్తాడు, చూసి అడుగుతాడు, లేదా చూసి అడగడు, అడగకపోవడమే అన్నింటికన్నా భరించలేనిది. ఆయనను తీసుకురావడానికి తనే పోవాల్సింది. గది కడగాలి, నువ్వు పోయిరా అని వినోద్‌ను పంపాడు, గది నిన్ననే కడిగాడు. ఆటో హారన్ వినబడింది. మనసు ఇంకా ఏవో మాటలు పేర్చుకుంటుండగానే కాళ్ళు మెట్లు దిగుతున్నాయి.

ఆటోలోంచి దిగిన మనిషి బ్రహ్మన్న అంగీ తొడుక్కున్న ఎవరో అనిపించాడు. మాస్కు పైన కళ్ళు మాత్రం ఆయనవే.

"ఏంది తమ్మీ, గట్ల సూత్తున్నవు? దయ్యమనుకున్నవా?"

వినోద్ మందుల కవరు లింగం చేతికిచ్చాడు. "పొద్దుగాల రెండు, రాత్రికి రెండు కాకా. నాకు డ్యూటీ ఉన్నది, పోత" అని అదే ఆటోలో తిరిగి ఎక్కాడు.

ఐదు మెట్లెక్కి బ్రహ్మన్న కూర్చుండిపోయాడు. లింగం ఒక మెట్టు కింద కూర్చున్నాడు. పై మెట్టు మీది మనిషి ఊపిరి వినబడుతోంది, పాత కంప్రెసర్‌లా, ఆగి ఆగి. ఇంకా పైకి పోకముందే, తలుపు తెరవకముందే, ఇప్పుడే.

"అన్నా, నీ సేనాపతులను ఉడకవెట్టిన."

"ఏంది?"

"సోడా ఏసి ఉడకవెట్టిన. పదకొండు మంది ఖరాబైన్రు. ఫోన్ల మంచిగున్నరని అబద్ధం చెప్పిన."

బ్రహ్మన్న కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక అడిగింది ఫిట్టర్ అడిగే ప్రశ్న. "ఎంత టెంపరేచర్ల?"

"ఉత్త మరిగే నీళ్ళే. నూరు దాటలే."

"నూట ముప్పైకే ఏం గాదు, గిదెంత అనుకున్నవు."

"అనుకున్న."

మాస్కు ఊగింది, నవ్వుతున్నాడని అర్థమయ్యేలోపు నవ్వు దగ్గులోకి మారింది, దగ్గు చాలాసేపు ఉంది. లింగం చెయ్యి ఆయన వీపు దాకా పోయి గాలిలో ఆగింది, మళ్ళీ ఆగింది, ఈసారి మాత్రం దిగింది. అంగీ కింద వెన్నెముక ఒక్కో పూస చేతికి తగిలింది.

"జెట్ ఆపరేటర్‌వు గాదుర నువ్వు, బొమ్మలను ఉడకవెట్టి..." అన్నాడు బ్రహ్మన్న. బొమ్మలు అన్నాడు. లింగానికి ఆ మాట ఎక్కడో గీసుకుంది, అలసటేమో అనుకున్నాడు. "ఎందుకు ఉడకవెట్టినవు?"

"నువ్వంటే భయమై."

ఇంత చిన్న మాట ఇన్ని రోజులు ఎక్కడ పట్టిందో. బ్రహ్మన్న మెట్టు అంచును వేలితో గీస్తూ కూర్చున్నాడు.

"సంచి తాడుతోని దించినవు."

"దించిన."

"ముడి మంచిగేసినవు. ఊడలే." మాస్కు సర్దుకుని, "నేనైతే కాలవెట్టేటోన్ని" అన్నాడు.

తొంభై నాలుగులో నువ్వు నన్ను విడిచి పోలేదు గద అన్నా, అనబోయి లింగం ఆపుకున్నాడు. ఆయన చెప్పిన అబద్ధాన్ని ఆయనకే వదిలేయాలనిపించింది. చంకకింద చెయ్యి వేసి లేపాడు. మిగతా మెట్లన్నీ ఇద్దరూ ఒకే మనిషిలా ఎక్కారు, నాలుగు కాళ్ళతో, నెమ్మదిగా.

గదిలో బ్రహ్మన్న చాపమీద కూర్చుని బల్లవైపు చూశాడు. లింగం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బ్రహ్మన్న చెయ్యి చాచి ముడుచుకుపోయిన గుర్రాన్ని తాకాడు, నొక్కుకుపోయిన ఏనుగును తాకాడు, బాధపడినట్టు లేదు. పొరుగింటి పిల్లలను పలకరించినట్టు మర్యాదగా తాకాడు. తర్వాత బాగున్నవాళ్ళ వరుసలోంచి ఒకడిని తీశాడు. పెద్ద ఈక టోపీ, పరుగుతీస్తున్న గుర్రం. ఏ దేశపు దొరో తేలక రెండు నెలలు వెతికి వెతికి, చివరికి విసుగొచ్చి, మిల్లునుంచి తెచ్చిన నల్లరంగుతో పెద్ద మీసం గీసి, "ఇగ ఈయన సర్వాయి పాపన్న, ఎవడన్నా కాదంటే రండ్రి" అని గదిలో అందరికీ మిఠాయి పంచి బ్రహ్మన్న తనే పేరుపెట్టినవాడు. గంజులో కూడా ఆయనకేమీ కాలేదు. కత్తి కత్తిలాగే ఉంది, మీసం మీసంలాగే ఉంది.

బ్రహ్మన్న దాన్ని తిప్పి చూశాడు. పీట కింద చూశాడు, అక్కడ ఏమీ లేదు.

"ఈయన ఎవరు తమ్మీ?"

హాస్యమనుకున్నాడు లింగం. కళ్ళలోకి చూస్తే అక్కడ హాస్యం లేదు.

"మంచంల పండుకొని ఒక్కొక్కని పేరు యాద్ జేసుకున్న," అన్నాడు బ్రహ్మన్న, బొమ్మతో చెబుతున్నట్టు మెల్లగా. "మొకాలు వస్తున్నయి. పేర్లు వస్తలేవు. ఇంటికివోయి సూస్తె వస్తయనుకున్న." బొమ్మను పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు బలహీనత వల్ల వచ్చింది కాదని లింగానికి తెలుసు, ఆ వణుకు ఎట్లా మొదలవుతుందో, చేతులనుంచి తలకు ఎట్లా పాకుతుందో తనకన్నా బాగా ఎవరికి తెలుసు. ఇరవై ఏడేళ్ళ కిందటి తడిగుడ్డ నుదుటి మీద చల్లగా తగిలింది. వచ్చి ఆయన పక్కన చాపమీద, మోకాలికి మోకాలు తాకేటట్టు కూర్చున్నాడు.

"నేనే ఖరాబు జేసిన గదనే," అన్నాడు. "ఉడికినంక అందరి మొకాలు మారినయి. ఎవలు గుర్తువడుతరు గీళ్ళను? నాకే తెలుస్తలేరు."

బ్రహ్మన్న బొమ్మ ముఖాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత లింగం ముఖాన్ని అంతే దగ్గరగా, అంతే సేపు చూశాడు.

"మీసం మంచిగనే ఉన్నది గద."

"మీసమొక్కటే ఆగింది అన్నా. కడమదంతా మారింది."

కిటికీలోంచి వచ్చిన వెలుతురు బల్ల మీద పడి, వంగినవాళ్ళ మీదా నిలబడ్డవాళ్ళ మీదా ఒకేలాగ పరుచుకుంది. బ్రహ్మన్న చాలాసేపటికి ఊపిరి వదిలాడు, మెట్లమీద విన్న ఊపిరి కంటే అది పొడుగ్గా ఉంది.

"అయితే తప్పు నీదే."

"నాదే."

"మరి ఈయన పేరు నువ్వే చెప్పు," అని ఆ గుర్రపురౌతును లింగం అరచేతిలో పెట్టాడు బ్రహ్మన్న.